లారీ గుద్ది బైక్ మీది మనిషి పోతే: రాజీ కాగితం మీద సంతకం పెట్టకముందు తెలుసుకోవాల్సినవి

మీరు రాసినదాన్ని బట్టి నాకు అర్థమైంది ఇది. మీ బావగారు 34 ఏళ్ల ఎలక్ట్రీషియన్, ఇళ్లకు వైరింగ్ చేసేవారు. సూర్యాపేట నుంచి బైక్ మీద ఖమ్మం వస్తుంటే లారీ వెనక నుంచి గుద్దింది. మూడో రోజు ఆస్పత్రిలో పోయారు. జరిగి 40 రోజులైంది. ఇంట్లో మీ అక్క, ఇద్దరు చిన్నపిల్లలు, బావగారి తల్లి. లారీ ఓనరు తరఫున పెద్దమనుషులు వచ్చి 3 లక్షలకు రాజీ పడమంటున్నారు. ఒక లాయరు వచ్చేదాంట్లో 25 శాతం అడిగారు. హెల్మెట్ లేదు కాబట్టి పైసా రాదని ఇంకెవరో భయపెట్టారు.

ముందు రాజీ సంగతి. ఆ కాగితం మీద మీ అక్క సంతకం పెట్టొద్దు, వేలిముద్రా వెయ్యొద్దు. లారీకి ఇన్సూరెన్స్ ఉంటే పరిహారం కట్టేది కంపెనీ, ఓనరు కాదు. అయినా ఓనరు తన జేబులోంచి 3 లక్షలు తీస్తానంటున్నాడంటే కారణం ఉండాలి. పాలసీ గడువు తీరిపోయి ఉండొచ్చు. డ్రైవరుకు లైసెన్సు లేకపోవచ్చు. పర్మిట్, ఫిట్‌నెస్ అయిపోయి ఉండొచ్చు. లేదా డ్రైవరు మీది క్రిమినల్ కేసు నీరుగారాలని కావచ్చు. నిర్లక్ష్యంతో ప్రాణం పోవడానికి కారణమైన నేరం, అంటే భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 106(1), రాజీ చేసుకోదగ్గ నేరాల జాబితాలో లేదు. ఊళ్లో రాసుకున్న కాగితంతో ఆ కేసు పోదు. కానీ ఆ కాగితంలో "తప్పు మావాడిదే, మాకెవరి మీదా ఫిర్యాదు లేదు" అని ఒక్క ముక్క ఉన్నా, ఏడాదో రెండేళ్లో గడిచాక కంపెనీ లాయరు దాన్నే మీ అక్క ముందు పెట్టి ప్రశ్నలు వేస్తాడు. దహన ఖర్చులకని వాళ్లు ఇప్పటికే ఏమైనా ఇచ్చి ఉంటే దాచకండి. ఎంత ఇచ్చారో, ఏ రోజు ఇచ్చారో మీ లాయరుకు చెప్పండి.

ఇక గడువు. పరిహారం కోసం మోటారు వాహనాల చట్టం సెక్షన్ 166 కింద వేసే దరఖాస్తు ప్రమాదం జరిగిన రోజు నుంచి 6 నెలల్లోపు వేయాలి. 2022 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న నియమం ఇది. అంతకుముందు గడువే లేదు కాబట్టి "ఎప్పుడైనా వేసుకోవచ్చు" అని చెప్పే పాతవాళ్లు ఇంకా ఉన్నారు, నమ్మొద్దు. ఈ గడువును సవాలు చేసిన వ్యాజ్యాల్లో, తదుపరి ఉత్తర్వుల దాకా ఆలస్యం పేరుతో దరఖాస్తులు కొట్టేయొద్దని సుప్రీంకోర్టు 2025 నవంబరులో మధ్యంతరంగా చెప్పింది. మధ్యంతర ఉత్తర్వు రేపు మారొచ్చు. దాని మీద భరోసాతో కూర్చోకుండా 6 నెలలే లెక్క పెట్టుకోండి. మీకు ఇంకా నాలుగున్నర నెలలుంది. తొందరపడి సగం కాగితాలతో వేయాల్సిన అవసరం లేదు, చార్జిషీటు వచ్చేదాకా ఆగాల్సిన అవసరమూ లేదు.

ప్రమాదం సూర్యాపేట వైపు జరిగినా కేసు ఖమ్మంలోనే వేసుకోవచ్చు. ప్రమాదం జరిగిన చోట, మీ అక్క ఉంటున్న చోట, ప్రతివాది ఉంటున్న చోట, ఈ మూడింట్లో ఏదైనా ఎంచుకునే హక్కు చట్టం కుటుంబానికే ఇచ్చింది. జిల్లా కోర్టు ఆవరణలోనే మోటారు ప్రమాదాల ట్రిబ్యునల్ ఉంటుంది. మన దగ్గర ఈ కేసును ఎంవీఓపీ, అంటే మోటార్ వెహికల్ ఒరిజినల్ పిటిషన్ అంటారు. డ్రైవరును, ఓనరును, ఇన్సూరెన్స్ కంపెనీని, ముగ్గురినీ ప్రతివాదులుగా చేర్చండి. ఢీకొన్నది ఆర్టీసీ సొంత బస్సయి ఉంటే సాధారణంగా ఇన్సూరెన్స్ కంపెనీ ఉండదు, సంస్థనే నేరుగా చేర్చాలి.

పోలీసులు కూడా తమంతట తాము ట్రిబ్యునల్‌కు రిపోర్టు పంపాలి. నియమం ప్రకారం 48 గంటల్లో మొదటి రిపోర్టు, 50 రోజుల్లో మధ్యంతర రిపోర్టు, 90 రోజుల్లో పూర్తి రిపోర్టు వెళ్లాలి. ఆ చివరిదాన్ని డీఏఆర్, అంటే డిటైల్డ్ యాక్సిడెంట్ రిపోర్టు అంటారు. దాన్నే క్లెయిమ్ దరఖాస్తుగా తీసుకోవచ్చు. బాధిత కుటుంబం నింపాల్సిన ఫారం ఒకటుంది, ఆరో నంబరు ఫారం. స్టేషన్‌లో అడిగి తీసుకుని, కుటుంబ వివరాలు, ఆదాయం, బ్యాంకు ఖాతా నింపి 60 రోజుల్లోపు ఇవ్వండి. మీకు ఇంకా 20 రోజులుంది. అయితే పోలీసుల రిపోర్టు మీదే మొత్తం వదిలేయొద్దు. చాలాచోట్ల ఆలస్యమవుతుంది, ఆదాయం గడి ఖాళీగా వెళ్తుంది. మీ దరఖాస్తు మీరు వేయండి. స్టేషన్ నుంచి డీఏఆర్ వేరే ట్రిబ్యునల్‌కు వెళ్లి ఉంటే ఆ సంగతి దరఖాస్తులోనే రాయండి, రెండూ ఒకచోటికి చేరతాయి.

ఈ కేసుల్లో వాదన ప్రతిభ కంటే మొదటి వారంలో ఎవరో చేతిరాతతో రాసిన కాగితాలే ఎక్కువ తేలుస్తాయి. అన్నిటికంటే ముందు చూడాల్సింది ఆస్పత్రిలో చేర్పించినప్పటి మెడికో లీగల్ ఎంట్రీ, అంటే గాయం ఎలా అయిందో డాక్టరు రిజిస్టరులో రాసేది. అంబులెన్సులో తెచ్చినవాళ్లను డ్యూటీ డాక్టరు ఏం జరిగిందని అడుగుతాడు. కంగారులో ఎవరో "బండి స్కిడ్ అయి పడ్డాడు" అంటారు. అది రికార్డులోకి ఎక్కుతుంది. లారీ గుద్దడమేంటి, తనంతట తానే పడ్డాడని కంపెనీ వాదనంతా ఆ మాట మీదే నిలబడుతుంది. ఆ ఎంట్రీ, కేస్ షీటు నకళ్లు ఆస్పత్రి నుంచి రాతపూర్వకంగా అడిగి తీసుకోండి. అందులో తప్పు ఉంటే ఆ సమాచారం చెప్పిన మనిషి ఎవరు, అతను ప్రమాదం కళ్లారా చూశాడా లేదా అన్నది ఇప్పుడే తేల్చుకోండి. చూడనివాడు చెప్పిన మాటకు బలం తక్కువ. కానీ ఆ విషయం కోర్టులో మీరే రుజువు చేయాలి.

తర్వాత ఎఫ్ఐఆర్. ఫిర్యాదులో లారీ నంబరు ఉందా? "గుర్తు తెలియని వాహనం" అని ఉండి తర్వాత నంబరు వచ్చిందా? రెండోదయితే అది ఎలా దొరికింది, ఎవరు చెప్పారు అన్నది చార్జిషీటులో స్పష్టంగా ఉండాలి. లేకపోతే ఇన్సూరెన్స్ ఉన్న బండిని తెచ్చి ఇరికించారని కంపెనీ అంటుంది. ఎఫ్ఐఆర్ రెండు మూడు రోజులు ఆలస్యమైందని బెంగ పెట్టుకోకండి. మనిషిని బతికించుకునే పరుగులో ఆలస్యం సహజమని సుప్రీంకోర్టు 2011లోనే చెప్పింది. ఆలస్యానికి కారణం మాత్రం ఫిర్యాదులో ఉండాలి.

మీ కేసులో బలమైన సాక్ష్యం మోటార్ వెహికల్ ఇన్‌స్పెక్టర్ రిపోర్టు. బైక్‌కు దెబ్బ ఎక్కడ తగిలింది, లారీకి ఎక్కడ తగిలింది అన్నది అందులో ఉంటుంది. బైక్ వెనక మడ్‌గార్డు, నంబర్ ప్లేటు నలిగి, లారీ ముందు బంపర్ మీద గీతలుంటే ఎవరు ఎవరిని గుద్దారో ఎవరూ తిప్పి చెప్పలేరు. దానికి తోడు ఘటనాస్థలం పంచనామా, రఫ్ స్కెచ్. స్కెచ్‌లో బండి పడిన చోటు రోడ్డుకు ఎడమ అంచునుంచి ఎన్ని అడుగుల్లో ఉందో చూడండి. బైక్ స్టేషన్‌లోనే ఉంటే, విడిపించుకునే ముందు నాలుగు వైపులా ఫోటోలు తీసి పెట్టుకోండి. దాబాలు, పెట్రోలు బంకుల సీసీ కెమెరాల్లో పాతది చెరిగిపోతూ ఉంటుంది. ఫుటేజీ భద్రపరచమని ఎస్సైకి రాసిచ్చి, దరఖాస్తు నకలు మీద తేదీ, స్టేషన్ ముద్ర వేయించుకోండి.

ప్రత్యక్ష సాక్షిని వెతకడం ఇప్పుడే చేయాల్సిన పని. ట్రిబ్యునల్‌లో మొదటి సాక్షి మీ అక్కే. కంపెనీ లాయరు మొదటి ప్రశ్న ఎప్పుడూ ఒకటే: "ప్రమాదం మీరు చూడలేదు కదా?" చూడలేదనే నిజం చెప్తుంది, చెప్పాలి. అందుకే రెండో సాక్షిగా చూసినవాళ్లు ఒకరు కావాలి. వాళ్ల పేరు పోలీసుల సాక్షుల జాబితాలో ఉంటే మంచిది. ఎక్కడా పేరు లేని మనిషి రెండేళ్ల తర్వాత హఠాత్తుగా "నేనూ ఆ దారినే వెళ్తున్నా" అంటే జడ్జి నమ్మడు. ఇక్కడ క్రిమినల్ కేసులో లాగా అనుమానానికి తావు లేకుండా రుజువు చేయనక్కర్లేదు. జరిగే అవకాశం ఎటు ఎక్కువగా ఉందో చూస్తారు. డ్రైవరు క్రిమినల్ కోర్టులో విడుదలైనా మీ క్లెయిమ్ దానంతట అది పోదు.

హెల్మెట్ భయం గురించి. హెల్మెట్ లేకపోవడం ట్రాఫిక్ నేరం, జరిమానా వేయొచ్చు. కానీ లారీ వెనక నుంచి గుద్దడానికి అది కారణం కాదు. ఒక బైక్ మీద ముగ్గురు వెళ్లిన కేసులో సుప్రీంకోర్టు 2020లో ఇదే తేడా చూపింది. నియమం తప్పడం వేరు, ఆ తప్పు ప్రమాదానికి కారణమవడం వేరు అని చెప్పి, కింది కోర్టు 10 శాతం కోయడాన్ని రద్దు చేసింది. హెల్మెట్ విషయంలో కంపెనీ పట్టు ఎక్కడంటే తల గాయం దగ్గర. పోస్టుమార్టంలో మరణ కారణం తల గాయమొక్కటే అయితే కొంత కోత అడుగుతారు. ఛాతీ, పొట్ట, పెల్విస్ గాయాలు కూడా ఉంటే ఆ వాదన పలచబడుతుంది. కాబట్టి పోస్టుమార్టం రిపోర్టులో చివరి వరుస ఒక్కటే చదివి వదిలేయకండి, గాయాల జాబితా మొత్తం చదివించుకోండి. బావగారి లైసెన్సు రెన్యువల్ కాకపోయినా అంతే. లైసెన్సు లేకపోవడమొక్కటే ఆయన తప్పు కింద లెక్క కాదని 2008 నాటి తీర్పు ఉంది.

ఇప్పుడు డబ్బు లెక్క. ఇది జడ్జి మనసుకు తోచినట్టు వేసేది కాదు. 2009లో సరళా వర్మ కేసులో, 2017 అక్టోబరు 31న ప్రణయ్ సేఠీ కేసులో సుప్రీంకోర్టు ఇచ్చిన పద్ధతిలోనే దేశమంతా వేస్తారు. మీ బావగారికి నెలకు 18,000 ఆదాయం రుజువైందనుకుందాం. 40 ఏళ్ల లోపు సొంత పని చేసుకునేవారికి భవిష్యత్తు ఎదుగుదల కింద 40 శాతం కలపాలి, 25,200 అవుతుంది. ఏడాదికి 3,02,400. ఆయన బతికుంటే తన కోసం ఖర్చు పెట్టుకునేది తీసేయాలి. ఆధారపడినవాళ్లు నలుగురి నుంచి ఆరుగురి దాకా ఉంటే నాలుగో వంతు తీస్తారు. మిగిలేది 2,26,800. దీన్ని వయసును బట్టి ఒక అంకెతో గుణిస్తారు, దాన్నే గుణకం అంటారు. 31 నుంచి 35 ఏళ్ల వాళ్లకు గుణకం 16. గుణిస్తే 36,28,800. దీని మీద భార్యకు, ఇద్దరు పిల్లలకు, తల్లికి ఒక్కొక్కరికి కన్సార్షియం కింద, అంటే తోడు, ఆసరా పోయినందుకు, 48,400 చొప్పున 1,93,600. ఆస్తి నష్టం (లాస్ ఆఫ్ ఎస్టేట్, అంటే ఆయన బతికుంటే కూడబెట్టేది పోయినందుకు) కింద 18,150, అంత్యక్రియలకు 18,150. మొత్తం 38,58,700. ఈ చివరి మూడు పద్దులు 2017లో 40,000, 15,000, 15,000గా మొదలై మూడేళ్లకోసారి 10 శాతం పెరుగుతాయి. ఇక్కడ వేసింది 2023 పెంపు తర్వాతి అంకెలు. మూడు రోజుల ఆస్పత్రి బిల్లులు దీనికి అదనం, ఒరిజినల్స్ ఉండాలి. వడ్డీ దరఖాస్తు వేసిన రోజు నుంచి నడుస్తుంది, సాధారణంగా 6 నుంచి 9 శాతం మధ్య వేస్తారు.

3 లక్షల పక్కన ఈ అంకె పెట్టి చూడండి.

అయితే ఈ లెక్కంతా ఒక్క మాట మీద నిలబడి ఉంది: నెలకు 18,000 "రుజువైతే". రుజువు లేక ట్రిబ్యునల్ 10,000 వేసుకుందనుకోండి, 36 లక్షల 28 వేల పద్దు కాస్తా 20,16,000కు పడిపోతుంది. పదహారు లక్షల తేడా. కూలీనాలీ చేసేవాళ్లు, సొంత పనివాళ్ల కుటుంబాలు ఎక్కువగా నష్టపోయేది ఇక్కడే. నిర్లక్ష్యం రుజువు చేయడానికి పడే తపనలో పదో వంతు కూడా ఆదాయం మీద పెట్టరు. "నెలకు ముప్పై వేలు సంపాదించేవాడు" అని నోటిమాటగా చెప్పి ఊరుకుంటారు. నోటిమాటకు ట్రిబ్యునల్ కనీస వేతనం దగ్గరో, ఇంకా కిందో ఆగిపోతుంది.

ఎలక్ట్రీషియన్‌కు జీతం చీటీ ఉండదు. కానీ ఆధారాలే లేవనుకోవద్దు. వైర్‌మన్ లైసెన్సు లేదా ఐటీఐ సర్టిఫికెట్ ఉంటే ఆయన నైపుణ్యం ఉన్న పనివాడని తేలుతుంది, కనీస వేతనం లెక్కించినా పై మెట్టు వస్తుంది. ఫోన్‌పే, గూగుల్‌పే జమలతో బ్యాంకు స్టేట్‌మెంటు కనీసం ఏడాదిది తీయించండి. ఆయన ఫోన్ నంబరు ఆపేయకండి, రీచార్జి చేస్తూ ఉండండి. నంబరు పోతే ఆ ఖాతాల్లోకి వెళ్లడం కష్టమవుతుంది. కరెంటు సామాను కొన్న షాపు బిల్లులు, చీటీ పాట పుస్తకం, బైక్ ఈఎంఐ, ఇంటి అద్దె, పిల్లల స్కూలు ఫీజు రసీదులు తెచ్చిపెట్టుకోండి. నెలకు ఇంత ఖర్చు పెట్టిన ఇంటికి అంత ఆదాయం ఉండితీరాలని చూపించడానికి ఇవి పనికొస్తాయి. ఆయన చేత పని చేయించుకున్న బిల్డరో మేస్త్రీయో సర్టిఫికెట్ ఇస్తానంటే తీసుకోండి. కానీ ఆ మనిషి కోర్టుకొచ్చి సాక్ష్యం చెప్పకపోతే ఆ కాగితానికి విలువ లేదు. వస్తాడా రాడా అన్నది ముందే అడగండి. పోయాక హడావుడిగా వేసిన ఆదాయపన్ను రిటర్నుకు మాత్రం ట్రిబ్యునళ్లు పెద్దగా విలువివ్వవు, సరికదా మిగతా కాగితాల మీద కూడా అనుమానం తెస్తుంది.

వయసు కూడా డబ్బే. పంచనామాలో, పోస్టుమార్టంలో వయసు కానిస్టేబుల్ అంచనాతో "సుమారు 36" అని పడిపోతుంది. 36 అయితే గుణకం 15, అక్కడికక్కడే 2,26,800 పోయింది. అదే "సుమారు 41" అని రాశారనుకోండి. గుణకం 14కు దిగుతుంది, ఎదుగుదల 40 నుంచి 25 శాతానికి తగ్గుతుంది, మొత్తం దాదాపు 8 లక్షలు తరుగు. పదో తరగతి మెమో లేదా స్కూలు టీసీ వెతికి పెట్టండి. ఆధార్ కార్డు పుట్టిన తేదీకి రుజువు కాదని, స్కూలు సర్టిఫికెట్‌నే తీసుకోవాలని సుప్రీంకోర్టు 2024లో చెప్పింది.

ఒక సున్నితమైన విషయం. ఇలాంటి సమయంలో కోడలికీ అత్తగారికీ మధ్య దూరం పెరిగి, ఎవరి కేసు వాళ్లు వేసుకుందామనుకుంటారు. మీ అక్క అత్తగారిని వదిలేసి వేస్తే ఆధారపడినవాళ్లు ముగ్గురే అవుతారు, నాలుగో వంతుకు బదులు మూడో వంతు కోస్తారు. 36,28,800 కాస్తా 32,25,600 అవుతుంది. అత్తగారి కన్సార్షియం 48,400 కూడా పోతుంది. ఒకే దరఖాస్తులో అందరూ ఉండటం అందరికీ లాభం. అత్తగారు సంతకానికి ఒప్పుకోకపోతే ప్రతివాదిగానైనా చేర్చాలి. మీసేవలో దరఖాస్తు చేస్తే తహసీల్దారు ఆఫీసు నుంచి కుటుంబ సభ్యుల సర్టిఫికెట్ వస్తుంది. అందులో అందరి పేర్లూ ఉన్నాయో లేదో చూసుకోండి.

లారీ పాలసీ సంగతి. వాహన్ అనే ప్రభుత్వ వాహనాల రికార్డులో నంబరు కొడితే ఇన్సూరెన్స్ కంపెనీ, గడువు కనిపిస్తాయి. అక్కడ దొరక్కపోతే హైదరాబాద్‌లో ఉన్న ఇన్సూరెన్స్ ఇన్ఫర్మేషన్ బ్యూరో వెబ్‌సైట్‌లో వెతకొచ్చు. చూడాల్సింది ప్రమాదం జరిగిన రోజున, ఆ గంటకు పాలసీ అమల్లో ఉందా అని. ప్రమాదం జరిగిన సాయంత్రమే పాలసీ కట్టిన ఓనర్లు ఉంటారు, అందుకే పాలసీ మీద గంట, నిమిషం కూడా రాస్తారు. డ్రైవరుకు సరైన లైసెన్సు లేదని కంపెనీ రుజువు చేసినా, ముందు కుటుంబానికి కట్టి తర్వాత ఓనరు దగ్గర వసూలు చేసుకోమని ట్రిబ్యునళ్లు ఆదేశించడం మామూలే. 2004 నాటి స్వరణ్ సింగ్ తీర్పు దానికి ఆధారం. నిజంగా కష్టమయ్యేది అసలు పాలసీయే లేనప్పుడు. అప్పుడు లారీ స్టేషన్ నుంచి బయటికి పోకముందే మేజిస్ట్రేటు కోర్టులో, పూచీకత్తు లేకుండా బండి విడుదల చేయొద్దని అభ్యంతరం వేయించండి. బండి పోయాక ఓనరు ఆస్తి వెతుక్కుంటూ తిరగడం ఏళ్ల పని.

ఈ గొడవలో చాలామంది మరచిపోయేది బావగారి సొంత బైక్ పాలసీ. బైక్ ఆయన పేరునే ఉండి, లైసెన్సు ఉండి, పాలసీలో ఓనర్ డ్రైవర్ వ్యక్తిగత ప్రమాద బీమా కట్టి ఉంటే దాని కింద 15 లక్షలు వస్తాయి. తప్పెవరిదన్న ప్రశ్నే లేదు, ట్రిబ్యునల్‌తో పనీ లేదు, నేరుగా కంపెనీకి క్లెయిమ్ పెట్టాలి. ఇప్పటిదాకా చెప్పకపోతే ఈ వారమే రాతపూర్వకంగా తెలియజేయండి. బ్యాంకు ఖాతాలో ఏడాదికి 20 రూపాయలు కోసుకునే ప్రధానమంత్రి సురక్షా బీమా ఉంటే 2 లక్షలు, 436 రూపాయల జీవన్ జ్యోతి ఉంటే ఇంకో 2 లక్షలు. ఆయన పేరున పట్టా భూమి ఉండి రైతుబీమాలో నమోదై ఉంటే 5 లక్షలు. ఎల్ఐసీ, పీఎఫ్ లాంటివి వచ్చాయని లారీ వాళ్లు ఇవ్వాల్సిన పరిహారంలోంచి కోయడానికి వీల్లేదు.

లాయరు 25 శాతం. గెలిచినదాంట్లో వాటా మాట్లాడుకోవడం బార్ కౌన్సిల్ నియమాలకు విరుద్ధం. ఫీజు ఇంత అని అంకెలో మాట్లాడుకోండి, విడతలుగా కట్టండి. అంత స్తోమత లేకపోతే ఖమ్మం కోర్టు ఆవరణలోని జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు వెళ్లండి, 15100కు ఫోన్ చేసినా దారి చెప్తారు. 1987 నాటి న్యాయ సేవాధికార సంస్థల చట్టం ప్రకారం ఆదాయంతో పనిలేకుండా మహిళలకు ఉచిత న్యాయ సహాయం హక్కు. ఏ లాయరైనా సరే, ఖాళీ కాగితాల మీద, ఖాళీ చెక్కుల మీద సంతకాలు వద్దు. పాస్‌బుక్, ఏటీఎం కార్డు మీ అక్క దగ్గరే ఉండాలి. ఎంవీఓపీ నంబరు రాసుకుని ఈ-కోర్ట్స్ యాప్‌లో వాయిదా తేదీలు మీరే చూసుకోండి.

కేసు ఏడాదిన్నర నుంచి మూడేళ్లు పడుతుందనుకోండి. మధ్యలో లోక్ అదాలత్‌కు పిలుస్తారు. వెళ్లడం మంచిదే, కానీ పైన చెప్పిన లెక్క కాగితం మీద వేసుకుని వెళ్లండి. లోక్ అదాలత్ అవార్డు మీద అప్పీలు లేదు. మీ ఆదాయం ఆధారాలు పలచగా ఉండి కంపెనీ వాళ్లు 22, 24 లక్షల దాకా వస్తే ఆలోచించదగ్గదే, డబ్బు వెంటనే చేతికొస్తుంది. ఆధారాలు గట్టిగా ఉండి 12 లక్షలంటే లేచి వచ్చేయండి. తీర్పు వచ్చాక కంపెనీ 30 రోజుల్లో డిపాజిట్ చేయాలి. తక్కువ వేశారనిపిస్తే 90 రోజుల్లో హైకోర్టుకు అప్పీలు. దరఖాస్తులో అడిగినదానికంటే ఎక్కువ ఇవ్వకూడదని చట్టంలో ఎక్కడా లేదు, న్యాయంగా రావాల్సినది ఎక్కువైతే ఎక్కువే ఇవ్వొచ్చని 2002 నుంచి సుప్రీంకోర్టు చెబుతోంది.

ఇదే పరిస్థితిలో ఉండి వివరాలు కాస్త వేరైన వాళ్లకు రెండు మాటలు. పోయిన మనిషి బైక్ వెనక కూర్చుని ఉండి, రెండు బళ్ల వాళ్లదీ తప్పయితే, ఎవరి దగ్గరనుంచైనా మొత్తం రాబట్టుకోవచ్చు. కాకపోతే ఆ బైక్‌కు థర్డ్ పార్టీ పాలసీ మాత్రమే ఉంటే వెనక కూర్చున్నవారికి అది వర్తించదు, ప్యాకేజీ పాలసీ (కాంప్రహెన్సివ్ అంటారే, అది) అయి ఉండాలి. ఎవరూ గుద్దకుండా తనే అదుపుతప్పి పడితే మిగిలేది వ్యక్తిగత ప్రమాద బీమా ఒక్కటే. గుద్దిన బండి దొరక్కపోతే హిట్ అండ్ రన్ పథకం కింద 2 లక్షలు, ఆర్డీవో లేదా తహసీల్దారు ద్వారా దరఖాస్తు. బండి దొరికింది కానీ తప్పెవరిదో రుజువు చేయడం అసాధ్యమనిపిస్తే సెక్షన్ 164 కింద 5 లక్షలు ఉంది. మీ కేసు అది కాదు, వెనక నుంచి గుద్దిన కేసును 164 కింద వేయిద్దామని ఎవరైనా అంటే ఒప్పుకోవద్దు.

డబ్బు వచ్చాక పిల్లల వాటాను వాళ్లు మేజర్లయ్యే దాకా ట్రిబ్యునల్ బ్యాంకులో ఫిక్స్‌డ్ డిపాజిట్ వేయిస్తుంది. మీ అక్క వాటాలో కూడా కొంత వేయిస్తారు. దాని మీద నెలనెలా వడ్డీ ఆమె ఖాతాలోకి వచ్చేలా తీర్పులోనే రాయించమని లాయరును ముందే అడగండి. స్కూలు ఫీజుకో, వైద్యానికో మధ్యలో కొంత తీయాల్సి వస్తే అదే ట్రిబ్యునల్‌లో చిన్న పిటిషన్ వేసి, ఫీజు డిమాండ్ నోటీసు జతచేస్తే అనుమతిస్తారు. 2012లో సుప్రీంకోర్టు, కుటుంబం నిజమైన అవసరంతో వస్తే యాంత్రికంగా కాదనొద్దని ట్రిబ్యునళ్లకు చెప్పింది. డబ్బు త్వరగా తీయిస్తానని కమీషన్ అడిగే మధ్యవర్తి ఆ దశలో తప్పకుండా వస్తాడు, అతని అవసరం మీకు లేదు.